పరామర్శ నుంచి పనిలోకి: వెన్నుపాము దెబ్బతిన్న ఒక గీత కార్మికుడి కేస్ స్టడీ

ఈ కేసులోని మనిషి పేరు, ఊరు రాయడం లేదు. గుర్తుపట్టే వీలున్న కొన్ని కుటుంబ వివరాలు మార్చాను. రాయడానికి ఆయనా, ఆయన స్నేహితులూ ఒప్పుకున్నారు. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లతో పనిచేసే థెరపిస్టుల కోసం, నర్సుల కోసం రాస్తున్నాను. ఇంట్లో అలాంటి మనిషి ఉన్నవాళ్లకూ పనికొస్తుందని ఆశ.

కేసు

ఉమ్మడి నల్గొండ జిల్లాకు చెందిన 38 ఏళ్ల గీత కార్మికుడు. 2024 మార్చిలో, తాటికల్లు బాగా పారే రోజుల్లో, పొద్దున చెట్టు దిగుతుండగా పట్టు తప్పి సుమారు 30 అడుగుల ఎత్తు నుంచి పడ్డారు. కూలబడ్డట్టు పిరుదుల మీద పడటంతో టీ12 వెన్నుపూస (వీపు పూసల్లో చివరిది) నలిగి, ముక్కలు వెన్నుపాము మీదికి నెట్టుకొచ్చాయి. చెట్టు మీంచి పడ్డవాళ్లలో మేం ఎక్కువగా చూసే దెబ్బ ఇదే. పై భాగాన్ని పక్కటెముకలు కదలకుండా పట్టి ఉంచుతాయి, కింద నడుము వంగుతుంది. పడ్డప్పటి బరువంతా ఆ రెండూ కలిసేచోట పడుతుంది.

మర్నాడే స్క్రూలు, రాడ్లు వేసి వెన్ను నిలబెట్టారు. ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ అయింది. ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో నేను పనిచేసే పునరావాస కేంద్రానికి వచ్చేసరికి రెండు కాళ్లలో కదలిక లేదు, నడుము కింద స్పర్శ లేదు, మలద్వారం దగ్గర కూడా స్పర్శ గానీ బిగింపు గానీ లేవు. మా భాషలో ‘ఏ గ్రేడు’, అంటే పూర్తి గాయం. వెన్నుపాము చివరి భాగం దెబ్బతినడంతో మూత్రాశయం, పెద్దపేగు రెండూ వదులైపోయాయి. త్రికాస్థి (నడుము కింద, పిరుదుల పైన ఉండే ఎముక) మీద రూపాయి బిళ్లంత బెడ్‌సోర్ (ఒత్తిడి పుండు) కూడా తెచ్చుకున్నారు.

భుజాలు, చేతులు మాత్రం మా వార్డులో ఎవరికీ లేనంత బలంగా ఉన్నాయి. ఇరవై ఏళ్లు మోకు, ముస్తాదు కట్టుకుని రోజూ చెట్లెక్కి దిగిన శరీరం. వీల్‌ఛైర్‌లోంచి మంచం మీదికి, మంచం మీంచి కమోడ్ కుర్చీలోకి తనంతట తాను మారడానికి కావలసిన బలం మొదటిరోజు నుంచే ఉంది. నేర్పు ఒక్కటే రావాలి.

భార్య పత్తి చేలల్లో కూలికి వెళ్తుంది. ఇద్దరు పిల్లలు బడిలో. తల్లికి అరవై అయిదు దాటాయి. ఆయన కల్లు గీస్తేనే ఇల్లు గడిచేది.

వార్డుకి వచ్చిన దోస్తులు

చేరిన వారంలోనే స్నేహితులు రావడం మొదలైంది. యాపిల్ పండ్లు, కొబ్బరినీళ్లు తెచ్చి మంచం చుట్టూ నిలబడేవాళ్లు. ఎవరో ఒకరు ‘ఎట్లుండెటోడివిరా’ అనేవాళ్లు. మరొకరు కళ్లు తుడుచుకునేవాళ్లు. వాళ్లు వెళ్లిన సాయంత్రం ఆయన అన్నం తినేవారు కాదు. చాలామంది రోగుల్లో ఇది చూశాను: పరామర్శ అయిపోయాక మనిషి ఇంకాస్త కుంగుతాడు.

అలా వచ్చేవాళ్లలో నలుగురు మాత్రం ప్రతి వారం వచ్చారు. ఇద్దరు ఆయనతోపాటు చెట్లెక్కేవాళ్లు. వాళ్లలో ఒకతను చిన్నప్పటి జిగ్రీ దోస్తు, ఇద్దరూ ‘బావా’ అనే పిలుచుకుంటారు. మూడో అతను తాపీ మేస్త్రి, నాలుగో అతను ఆటో నడుపుతాడు. వచ్చిన ప్రతిసారీ నన్ను ఒకటే అడిగేవాళ్లు: ‘మేమేం జేయాలె మేడం?’ ఆ ప్రశ్నకు ‘ధైర్యం చెప్పండి’ అని జవాబిచ్చి పంపేయడం మా రంగంలో మామూలు. నా దృష్టిలో అది చేతికందిన సాయాన్ని పారేసుకోవడం. ధైర్యం చెప్పమని పంపితే నెలరోజులు చెబుతారు, ఆ తర్వాత మాటలు అయిపోతాయి, రావడం తగ్గుతుంది. కొలతలు తెమ్మంటే తెస్తారు. ర్యాంపు కట్టమంటే కడతారు. చేసిన పని వాళ్ల కళ్లెదురుగా ఉంటుంది కాబట్టి మళ్లీ వస్తారు. ఈ కేసులో నేను చేసిన ముఖ్యమైన పని, ఆ నలుగురికీ ఎవరి పని వాళ్లకు పంచడం, ఆ పనికి తగిన శిక్షణ ఇవ్వడం.

కానీ అంతకుముందే తేలాల్సిన విషయం ఒకటుంది. వాళ్లకు ఏమేం చెప్పవచ్చో ఆయనే నిర్ణయించాలి. మన దగ్గర రోగి గురించి బంధువులకూ స్నేహితులకూ అన్నీ చెప్పేస్తాం, మంచం పక్కన నిలబడి అతని ముందే. నేను ఆయనతో ఒంటరిగా కూర్చుని అడిగాను. నడక గురించి, బెడ్‌సోర్ గురించి, ఇల్లు గురించి చెప్పమన్నారు. మూత్రం, దొడ్డి సంగతి మాత్రం వద్దన్నారు. ‘అది నేనూ, నా భార్యా చూసుకుంటం. దోస్తులకు తెలిస్తే నా మొకం చూడలేరు మేడం.’ ఎంతవరకు చెప్పాలో ఆయన గీసిన ఆ గీతను కేసు షీటు మొదటి పేజీలోనే రాసి, టీమ్ అందరికీ చూపించాను. స్నేహితులకు ఇచ్చే ప్రతి పనీ ఆ గీతకు ఇవతలే ఉండాలి.

‘నడుస్తడా?’

ఆపరేషన్ అయి ఎనిమిది వారాలు దాటినా స్పర్శలో, కదలికలో మార్పు లేదు. పూర్తి గాయంలో ఈపాటికి ఏమీ తిరిగి రాకపోతే, మామూలుగా నడిచే స్థాయి రావడం చాలా అరుదు. ఈ మాట డాక్టరుగారు, నేను కలిసి ముందు ఆయనకే చెప్పాం. చాలాసేపు గోడ వైపు చూశారు. తర్వాత ‘దోస్తులకు మీరే చెప్పుండ్రి, నాతోని గాదు’ అన్నారు.

చెప్పడం తేలిక కాలేదు. అప్పటికే వాళ్లలో ఒకతను దూరంలో ఉన్న నాటువైద్యుడి సంగతి కనుక్కుని వచ్చాడు. వేడి నూనెతో మాలిష్ చేసి కాళ్లు ఆడిస్తాడట, నలభై వేలట. తిట్టినా, నవ్వినా ఆ స్నేహితుడు మనకు దూరమవుతాడు, రోగిని మనకు తెలియకుండా తీసుకెళ్తాడు. అందుకని ఏం జరగవచ్చో విడమరచి చెప్పాను. స్పర్శ లేని కాలికి వేడి నూనె రాస్తే బొబ్బలెక్కినా ఆయనకు తెలియదు. కదలని కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టవచ్చు. ఒక కాలు వాచి, వేడిగా ఉన్నప్పుడు మాలిష్ చేస్తే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం తీయవచ్చు. విన్నాక అతను అడిగిన ప్రశ్న నాకు చాలా నచ్చింది: ‘మరి ఆ నలభై వేలు దేనికి పెట్టాలె?’ ఆ డబ్బుతోనే తర్వాత మంచి కుషన్, కమోడ్ కుర్చీ, ర్యాంపు సిమెంటు వచ్చాయి.

ఆ రోజే జిగ్రీ దోస్తు నన్ను వరండాలోకి పిలిచి అసలు బాధ బయటపెట్టాడు. చెట్టు కింద ఆయన్ని కాళ్లు, చేతులు పట్టి ఎత్తి ట్రాలీ ఆటోలో వేసింది తనే. ‘మేం ఎత్తినప్పుడే వెన్ను పోయిందా మేడం?’ రెండు నెలలకు పైగా ఈ మాట అతని గొంతులో ఇరుక్కుని ఉంది. వెన్నుపూస నలిగింది పడిన బరువుకే. ఎత్తడం వల్ల ఇంకేమైనా అయిందా అనేది ఎవరూ తేల్చి చెప్పలేరు, అదే చెప్పాను. అయితే పడిన క్షణం ఆయనకు బాగా గుర్తుంది. అతన్ని లోపలికి తీసుకెళ్లి ఆయన్నే అడగమన్నాను. ‘మీరు రాకముందే కాళ్లు తెలుస్తలేవు బావా. నేను చెయ్యితోని తొడ గిల్లి చూసుకున్న.’ ఇద్దరూ ఏడ్చారు. ఆ తర్వాత ఆ నలుగురికీ, వాళ్లు తీసుకొచ్చిన మరికొందరు గీత కార్మికులకూ పడిపోయిన మనిషిని ఎలా కదపాలో చూపించాను. ముందు 108కి ఫోన్ చేయాలి. తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉంచి నలుగురు కలిసి దొర్లించి, తలుపు చెక్క లాంటి గట్టి పలక మీదికి తేవాలి. చెట్లెక్కే ఊళ్లలో ఇది అందరికీ తెలిసి ఉండాల్సిన సంగతి.

ఇంటి వీడియో

డిశ్చార్జికి నెల ముందు ఆటో స్నేహితుడికి ఒక పని చెప్పాను. ఫోన్ పట్టుకుని ఇంట్లో మూడు దారులు వీడియో తీయాలి: వీధి నుంచి మంచం దాకా, మంచం నుంచి స్నానాల గది దాకా, ఇంటి నుంచి ఆయన రోజూ నలుగురితో కూర్చునే చోటి దాకా. మొదటి రెండూ ఎవరైనా అడుగుతారు. మూడోది నేను పట్టుబట్టి అడుగుతాను. ఈయనకు అది ఊరి చివర కల్లు మండువా, అంటే కల్లు అమ్మే చోటు. ఆ దారి మూసుకుపోతే, బెడ్‌సోర్ లేకపోయినా, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ లేకపోయినా మనిషి ఆరునెలల్లో మంచానికి అతుక్కుపోతాడు.

వీడియోలో కనిపించినవి: అరుగు ఎత్తు 18 అంగుళాలు, ఎక్కడానికి మూడు మెట్లు. గడప 3 అంగుళాలు. తలుపు వెడల్పు 30 అంగుళాలు, వీల్‌ఛైర్ 25, కాబట్టి పర్లేదు. నులక మంచం. మరుగుదొడ్డి పెరట్లో, కింద కూర్చునే రకం, అక్కడి దాకా పోవడానికి మట్టిదారి. డిశ్చార్జి జులైలో, అంటే వానల్లో.

ర్యాంపుకి లెక్క తెలిసిందే: ఒక అంగుళం ఎత్తుకి పన్నెండు అంగుళాల పొడవు. 18 అంగుళాలకి 18 అడుగులు. వాకిలి అంత పొడవు లేదు. మేస్త్రి నిటారుగా కట్టేద్దామన్నాడు, ‘మేం నెట్టుతం గదా’ అని. తనంతట తాను ఎక్కలేని ర్యాంపు కడితే, ఎవరో వచ్చేదాకా ఆయన గడప దాటలేడని చెప్పాను. ఆ మాట పట్టుకుని అతను రెండ్రోజులు ఆలోచించి, గోడ వెంట ఎల్ ఆకారంలో మడిచాడు: పదడుగులు, తిరగడానికి నాలుగడుగుల చదును, మళ్లీ ఎనిమిదడుగులు. చక్రం పక్కకి జారకుండా రెండు వైపులా రెండంగుళాల గట్టు. పైభాగం నున్నగా రుద్దకుండా చీపురుతో గీతలు పెట్టాడు, వాన నీళ్లలో జారకుండా. నేను గీసిచ్చిన బొమ్మ కంటే అది బాగా కుదిరింది.

గడప దగ్గర చిక్కొచ్చింది. కోసేద్దామంటే తల్లి ససేమిరా అంది. పసుపు రాసి, బొట్లు పెట్టి, ముగ్గేసే గడప. కొడుకు పడ్డ ఏడాదే గడప కోయడమా అని ఆమె భయం. ఆ భయాన్ని కొట్టిపారేసి ఇంట్లో అడుగుపెట్టే థెరపిస్టుకి తర్వాత ఆ ఇంట్లో ఎవరూ సహకరించరు. గడప అలాగే ఉంచి, అటూ ఇటూ మూడేసి అడుగుల చెక్క వాలుపలకలు చేయించాం. శుక్రవారం ఆమె వాటిని తీసి, పూజ చేసుకుని, మళ్లీ పెట్టేస్తుంది.

నులక మంచం మధ్యలో కుంగుతుంది. అందులోంచి లేచి కుర్చీలోకి మారడం కష్టం, తుంటి మీద ఒత్తిడీ పెరుగుతుంది. దాని బదులు చెక్క మంచం, దాని మీద గట్టి ఫోమ్ పరుపు. మంచం కాళ్ల కింద దిమ్మెలు పెట్టి, కుషన్‌తో కలిపి కుర్చీ ఎత్తుకి సమానం చేశారు. మరుగుదొడ్డి గుంట మీదికి, మధ్యలో రంధ్రం ఉన్న మెత్తటి సీటు కమోడ్ కుర్చీ వచ్చింది. అక్కడి దాకా సిమెంటు బాట వేశారు. దీనికి మేస్త్రి కూలి తీసుకోలేదు.

శిక్షణ

డిశ్చార్జికి ముందు నలుగురూ మా దగ్గరే రెండ్రోజులు ఉన్నారు. నేర్పిన వాటిలో చాలావరకు ఏం చేయకూడదో చెప్పేవే. చంకల కింద చేతులు పెట్టి లేపకూడదు, భుజాలు దెబ్బతింటాయి. మంచం మీద ఈడ్వకూడదు, చర్మం లోపల చిరుగుతుంది. కాళ్ల దగ్గర చలిమంట వేయకూడదు, ఎండకు కాలిన బండ మీద కూర్చోబెట్టకూడదు, బైక్ సైలెన్సర్‌కు కాలు తగలనివ్వకూడదు. మెట్లున్న చోట కుర్చీని వెనక్కి వంచి ఇద్దరు ఎక్కించే పద్ధతి మా ఆస్పత్రి మెట్ల మీదే చేయించాం, ముందు వాళ్లలో ఒకరినొకరు కూర్చోబెట్టుకుని. కుర్చీలో కూర్చున్న దోస్తు భయంతో అరిచాక, ఎంత మెల్లగా వంచాలో అందరికీ అర్థమైంది.

బెడ్‌సోర్ గురించి ఎక్కువ సమయం పెట్టాను. రాత్రి రెండు మూడు గంటలకోసారి పక్క మారాలి. రెండు గంటలకోసారి పక్క మార్చే పద్ధతిని 1944లో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్‌లో డాక్టర్ లుడ్విగ్ గట్‌మన్ కట్టుదిట్టంగా అమలు చేశారు. అంతకుముందు వెన్నుపాము తెగినవాళ్లు ఎక్కువగా పుండ్లతో, మూత్రం ఇన్‌ఫెక్షన్లతో చనిపోయేవాళ్లు. కుర్చీలో ఉన్నప్పుడు పావుగంట, ఇరవై నిమిషాలకోసారి ముందుకు బాగా వంగి రెండు నిమిషాలు ఉండాలి. చేతులతో ఒక్క క్షణం పైకి లేచి కూర్చుంటే చాలదు, రక్తం తిరిగి పారడానికి ఆ సమయం కావాలి. పొద్దున, రాత్రి చేతి అద్దంతో పిరుదులు, మడమలు చూసుకోవాలి. ఎర్రటి మచ్చ వేలితో నొక్కినా తెల్లబడకపోతే, అది పోయేదాకా ఆ చోటి మీద బరువు పెట్టకూడదు.

ఆయన గీసిన గీతకు అవతలి పనులు ఆయనకే నేర్పాం. రోజుకి ఐదుసార్లు కథీటర్ (మూత్రం తీసే సన్నని గొట్టం) వేసి మూత్రం తీసుకోవడం, ఒక్కోసారి 400 మి.లీ. దాటకుండా నీళ్లు, వేళలు సరిచూసుకోవడం. పొద్దున కమోడ్ మీద చేతి తొడుగు వేసుకుని మలం తీసుకోవడం. ఈ రకం గాయంలో పేగు తనంతట నెట్టదు, విరేచనానికి పెట్టే బిళ్లలూ పెద్దగా పనిచేయవు, కాబట్టి రోజూ ఒకే వేళకు చేతితోనే ఖాళీ చేసుకోవాలి. డిశ్చార్జి నాటికి రెండూ భార్య సాయం లేకుండా చేసుకోగలిగారు. ఆమె మళ్లీ కూలికి వెళ్లగలిగిందంటే అందుకు పెద్ద కారణం ఇదే.

మా దగ్గరే చికిత్స పొంది వెళ్లిన మరో గీత కార్మికుడు, పడి తొమ్మిదేళ్లైనవాడు, నా కోరిక మీద వచ్చి ఒక మధ్యాహ్నమంతా ఆయనతో గడిపాడు. భార్యాభర్తల సంబంధం గురించి ఆయన నన్ను అడగలేని ప్రశ్నలు అతన్ని అడిగారట. ఆ తర్వాతే మా డాక్టరుగారితో ఆ విషయం మాట్లాడటానికి ఒప్పుకున్నారు.

ఇంటికి చేరాక

జులైలో ఇంటికి వెళ్లారు. స్వతంత్రతను కొలిచే స్కిమ్ స్కేలు మీద చేరినప్పుడు 100కి 27, వెళ్లినప్పుడు 58.

మొదటి నెల ఫోన్‌లో అంతా బాగుందన్నారు. వీడియో కాల్ పెట్టమన్నాను. మంచం మీంచి కుర్చీలోకి మారి చూపించమంటే, ఆయన చేయి పెట్టేలోపే ఇద్దరు వచ్చి అమాంతం ఎత్తి కూర్చోబెట్టేశారు. చెట్లెక్కే చేతులు. 60 కిలోల మనిషిని లేపడం వాళ్లకు లెక్కే కాదు. ఊళ్లోకి వచ్చినప్పటి నుంచీ ఇదే నడుస్తోంది. ప్రేమతోనే చేస్తున్నారు, తొందరగానూ అయిపోతుంది. కానీ నేర్చుకున్న మార్పిడి మూడు వారాల్లో తప్పిపోతోంది, త్రికాస్థి మీద పాత పుండు చోట ఎరుపు కూడా కనిపించింది.

‘సాయం తగ్గించండి’ అంటే వాళ్లకు మొహం చెల్లదు. అందుకని వాళ్ల పనిని మార్చాను. ఇకమీదట వాళ్ల పని, ఆయన మారుతున్నంతసేపూ చేతులు కట్టుకుని పక్కన నిలబడి, బ్రేకులు వేశారా, పాదాలు నేల మీద ఉన్నాయా, స్లైడింగ్ బోర్డు (మంచానికీ కుర్చీకీ మధ్య వేసే జారుడు పలక) కదలకుండా ఉందా చూడటం. ఆయన ‘పట్టు’ అంటేనే ముట్టుకోవాలి. మొదట్లో చేతులు కట్టుకుని నిలబడటం వాళ్లకు నరకంగా ఉందని జిగ్రీ దోస్తు చెప్పాడు. రెండో నెలాఖరుకి ఆయన ‘పట్టు’ అనడం మానేశారు.

భార్య చెప్పిన ఇబ్బంది ఇంకొకటి. పొద్దున్నుంచి రాత్రిదాకా ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు. వచ్చినవాళ్లందరికీ చాయ్ పెట్టాలి. కథీటర్ వేళకు గదిలో మనుషులుంటే ఆయన వాయిదా వేస్తున్నారు. ఇది రోగి చెప్పడు, స్నేహితులకు తట్టదు. ఇంటి ఆడమనిషిని విడిగా అడిగితేనే తెలుస్తుంది. గీత పని పొద్దున, సాయంత్రం ఉంటుంది, మధ్యలో వాళ్లకు తీరిక. రావడం పదకొండు గంటల తర్వాత అని, వచ్చినవాళ్లు ఆయన్ని బయటికి తీసుకెళ్లాలని ఒప్పందం చేసుకున్నారు. చాయ్ బయటే.

బయటంటే మండువానే. అక్కడ కల్లు. తాగొద్దని చెప్పేసి చేతులు దులుపుకుంటే, తాగుతారు గానీ మనకు చెప్పరు. ఆయనకు రెండు ప్రమాదాలు వివరంగా చెప్పాను. కల్లు తాగితే మూత్రం గబగబా నిండుతుంది, మత్తులో కథీటర్ వేళ తప్పుతుంది. నిండిన మూత్రాశయం సాగిపోతే ఇన్‌ఫెక్షన్, ఆపై కిడ్నీలకు ముప్పు. రెండోది, నరాల మంటకు ఆయన వేసుకునే ప్రీగాబలిన్ మాత్రకు మత్తు తోడైతే రాత్రి పక్క మార్చుకోకుండా పడి నిద్రపోతారు. ఇన్‌ఫెక్షన్ భయం ఆయనకే తెలిసిన సంగతి కాబట్టి స్నేహితుల ముందు మాత్ర మాటే చెప్పాను, ఆయన గీత దాటకుండా. మాత్ర ఉన్నంతకాలం తాగనని ఆయనే వాళ్లకు చెప్పారు. మండువాలో ఆయన చేతికి నిమ్మకాయ సోడా ఇచ్చే అలవాటు వాళ్లే చేసుకున్నారు.

సెప్టెంబరులో మడమ మీద బొబ్బ లేచింది. ఆటోలో పాదం ఇనుప నేలకు రాసుకుంది. రాత్రి అద్దంలో చూసుకుని మర్నాడే ఫొటో పంపారు. పిల్లో పెట్టి మడమ గాలిలో ఉంచి, రోజూ డ్రెస్సింగ్ చేస్తే మూడు వారాల్లో మానింది. ఆటో స్నేహితుడు నేల మీద ఫోమ్ షీటు అతికించాడు, పాదాలకు పట్టీ కుట్టించాడు.

పని, డబ్బు

వార్డులో ఉండగా ఒకసారి డాక్టర్ మేరీ వర్గీస్ గురించి ఆయనకు చెప్పాను. 1954లో రోడ్డు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడినా, వీల్‌ఛైర్‌లోనే కూర్చుని కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేసి, 1966లో వెల్లూరు సీఎంసీ ఆస్పత్రి పునరావాస సంస్థకు ప్రాణం పోసిన డాక్టర్ ఆమె. విని ఒక్కమాట అన్నారు: ‘ఆమె పని చేతులతోని. నా పని కాళ్లతోని గద మేడం.’ దానికి నా దగ్గర జవాబు లేదు. జవాబు స్నేహితుల దగ్గరుంది. ఊళ్లో గీత కత్తి అందరికంటే బాగా నూరేవాడు ఆయనే. పదును సరిగ్గా లేకపోతే గెల చెడుతుంది, కల్లు తగ్గుతుంది. నూరే బల్ల ఎత్తు సరిచేసి, ముందుకి వంగే వ్యాయామాన్ని ఆ పనిలోనే కలిపేశాం. ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్ల కత్తులూ వస్తాయి. గీత కార్మికుల సొసైటీలో ఆయన వంతు చెట్లను ఇద్దరు మిత్రులు గీసి, సగం ఇంటికి ఇస్తున్నారు. ఎంతకాలం అనేది ముందే మాట్లాడుకోమని చెప్పాను. ఒక సీజన్ అనుకున్నారు, తర్వాత మళ్లీ కూర్చుని మాట్లాడుకున్నారు. స్నేహంలో డబ్బు మాట తెరిచి ఉంచకపోతే మనసులు విరుగుతాయి.

కాగితాల పని ఆటో స్నేహితుడిది. సదరం (వైకల్య నిర్ధారణ) క్యాంపు సర్టిఫికెట్, దాంతో నెలకు 4,016 రూపాయల పింఛను, యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు) కార్డు, గీత కార్మికుల ఎక్స్‌గ్రేషియా కోసం ఎక్సైజ్ శాఖకు దరఖాస్తు. ప్రతి కాగితం రెండు జిరాక్స్‌లతో ఒక ఫైల్లో పెట్టమన్నాను, ఇలాంటివి ఎక్కువగా ఆగిపోయేది కాగితం దొరక్కే.

చలికాలంలో ఒక దశలో నిద్ర కరువైంది, ‘అప్పుడే పోయి ఉంటే బాగుండు’ అనే మాట వచ్చింది. ఆ మాట విన్న స్నేహితుడు దాచకుండా నాకు ఫోన్ చేశాడు. అతనికి ముందే చెప్పి ఉంచాం: అలాంటి మాట వింటే కసురుకోవద్దు, ఒంటరిగా వదలొద్దు, మాకు చెప్పాలి, రాత్రివేళైతే మానసిక సాయం హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416. మా సైకియాట్రిస్టు మందు మొదలుపెట్టారు, మెల్లగా కుదుటపడ్డారు.

ఏడాది తర్వాత

స్కిమ్ 67. ఆస్పత్రిలో చేరాల్సిన అవసరం ఒక్కసారీ రాలేదు. మూత్రం ఇన్‌ఫెక్షన్ రెండుసార్లు వచ్చింది, రెండూ ఇంటి దగ్గరే తగ్గాయి. కిడ్నీ స్కాన్ మామూలుగా ఉంది, ఏటా తీయాలి. భార్య పనికి వెళ్తోంది. స్నేహితుల రాకపోకలు రోజూ నుంచి వారానికి మూడు నాలుగు రోజులకు తగ్గాయి. అది మేం కోరుకున్నదే, ఆయనా తప్పుగా తీసుకోలేదు. గీత కార్మికులు చెట్టు మీంచి పడకుండా 2024 జులైలో ప్రభుత్వం ఇవ్వడం మొదలుపెట్టిన కాటమయ్య రక్ష కిట్లు తర్వాత ఆ ఊరికీ వచ్చాయి. బరువనీ, టైమ్ పడుతుందనీ కొందరు పక్కన పడేశారు. కత్తికి పదును పెట్టించుకోవడానికి వచ్చే ప్రతివాడినీ ఆయన కిట్ వేసుకుంటున్నావా అని అడుగుతారు, లేదంటే కత్తి ఇవ్వడం లేటు చేస్తారు.

మిగిలినవి ఉన్నాయి. కుడి భుజంలో నొప్పి మొదలైంది. కంకర రోడ్డు మీద కుర్చీ తోసుకోవడం దీనికి ప్రధాన కారణం. ముందు చక్రాలు చిన్నవి, రాళ్లలో ఇరుక్కుంటున్నాయి. వాటి స్థానంలో పెద్ద చక్రాలు వేయించి, భుజం వెనక కండరాలకు రబ్బరు బ్యాండ్ వ్యాయామం ఇచ్చాను. మండువా దాకా తోసుకోకుండా చేతి పెడల్ మూడు చక్రాల బండి ఇప్పించే ఆలోచన ఉంది, కానీ ఆ పెడల్ తిప్పడం భుజానికి ఇంకా భారమవుతుందేమో చూడాలి. బ్యాటరీ బండి అయితే మేలు. దానికి దరఖాస్తు పెట్టాం. నొప్పి తగ్గేదాకా కంకర దారిలో తోసే పని స్నేహితులకు మళ్లీ అప్పగించాను, ఈసారి ఆయనే అడిగారు.